బోర్లని గిన్నె

తామ్రలేఖా నది మూడు వైపులా చుట్టుకుని పారుతుండగా, స్ఫటిక గోపురాలతో, పగడపు తోరణాలతో, పురివిప్పిన నెమళ్ళు తిరుగాడే మేడలతో అలరారే కలధౌతపురంలో కన్నులపండువైన వింతలు ఎన్నో ఉన్నాయి. వాటన్నిటిలోకీ పెద్ద వింత ఆ దేశపు సింహాసనం. కెంపులూ గోమేధికాలూ పొదిగిన ఆ సింహాసనానికి నట్టనడుమ, పైనుంచి కిందిదాకా ఒక అతుకు ఉంటుంది. దాన్ని రాగి మేకులతో బిగించారు. ఎంతటి శూరుడైన రాజైనా దానిమీద వెనక్కి వాలగానే ముందు "అబ్బా!" అని, ఆ తరువాతే తీర్పు చెబుతాడు.

ఆ అతుకు వెనక కాస్త పరువు తక్కువ కథే ఉంది. పూర్వం ఆదితుంగ మహారాజు తన తరువాత ఎవరికి ఏమిటో చెప్పకుండానే, మామిడిపండు తింటూ తింటూ కన్నుమూశాడు. ఆయన కొడుకులిద్దరూ కొట్టుకుని, తిట్టుకుని, చివరికి వడ్రంగిని పిలిపించి సింహాసనాన్ని రంపంతో రెండుగా కోయించుకున్నారు. సగం సింహాసనం మీద కూర్చోబోయి ఇద్దరూ కిందపడ్డారు. పొరుగు రాజులు ముందు పగలబడి నవ్వారు, ఆ తరువాత దండెత్తి వచ్చారు.

అప్పుడు ఒక మహర్షి జాలిపడి, ఒక మంత్రవృక్షాన్ని ఇచ్చి, దాని కొయ్యతో ఊరికొక పలక చేయించమన్నాడు. వయసు మళ్ళిన ఇంటి పెద్ద ఎవరైనా ఒకనాటి మధ్యాహ్నం ఆ పలకమీద పడుకోవాలి. పడుకున్న క్షణం నుంచి ఆయన పోయినట్టే లెక్క. కన్ను తెరవలేడు, నోరు విప్పలేడు. కుడికాలి బొటనవేలు ఒక్కటే కదులుతుంది. బిడ్డలందరి ముందూ నిండా నీళ్ళున్న రాగి గిన్నెలు పెడతారు. పంపకాల తీర్పరి ఎవరి వాటా ఏమిటో చెబుతాడు. వాటా నచ్చినవాళ్ళు తమ గిన్నెను తమ చేత్తోనే బోర్లించాలి. 'ఇక మీ దగ్గర నుంచి నాకు ఏమీ అక్కర్లేదు' అని దాని అర్థం. అన్ని గిన్నెలూ బోర్లగానే పెద్దాయన లేచి కూర్చుని, పాయసం తాగి, ఎన్నాళ్ళు బతకాలో అన్నాళ్ళూ హాయిగా బతుకుతాడు.

పొద్దు గుంకేలోగా ఒక్క గిన్నె బోర్లకపోయినా, ఒకరి గిన్నెను మరొకరు ఒలకబోసినా, పడుకున్నవాడు నిజంగానే పోతాడు. అప్పుడు నీళ్ళున్న గిన్నె ఎవరి చేతిలో మిగిలితే, గిన్నె బోర్లించి ఒప్పుకున్న వాటాలు పోగా మిగిలినదంతా వాళ్ళది. ఇదీ శాసనం. వినడానికి భయంగా ఉంటుంది గాని, ఆ దేశంలో రైతులూ, పడవవాళ్ళూ, కుమ్మరులూ పలకెక్కి నిక్షేపంగా లేచినవాళ్ళే. కొందరు కోడళ్ళు గిన్నె బోర్లించడానికి కొంచెం తాత్సారం చేసిన మాట నిజమే, అంతే.

ఇప్పుడు డెబ్బై ఏళ్ళు నిండిన ప్రతాపతుంగ మహారాజు వంతు వచ్చింది.

"నాయనా విశదా! సింహాసనం నా చిన్నబిడ్డ హేలావతికే ఇవ్వాలి. ఆ మాట చెబితే ఆమె అన్నలిద్దరూ గిన్నెలు బోర్లిస్తారంటావా?" అని రాజు ఆ ఉదయం తీర్పరిని అడిగాడు.

విశదుడు కుర్రవాడే గాని ఆవులూ, దూడలూ, ఉమ్మడి బావులూ పంచి పంచి రాటుదేలినవాడు. వాటాలు చెప్పేటప్పుడు 'సహా' అనకుండా వాక్యం ముగించడు. "అందుకే ఆ మాట చివర చెబుతాను ప్రభూ! వాళ్ళిద్దరి ముచ్చటా ముందు తీరుస్తాను. గిన్నెలు బోర్లించాక ఇక నోరెత్తలేరు. కాని తమరు ఒక్క ఉపకారం చెయ్యాలి. పలకెక్కే రోజున సభలో ఎవరిని 'నా బిడ్డ' అన్నా వాళ్ళు బిడ్డలైపోతారు. వాళ్ళకూ గిన్నె పెట్టాలి. కాబట్టి ఈ ఒక్క పూట..."

"నేనేమైనా పిచ్చివాణ్ణా!" అన్నాడు రాజు.

పిచ్చివాడు కాదు, మెత్తనివాడు. సభామండపంలోకి ఆయన అడుగుపెట్టగానే, చింపిరి జుట్టు కుర్రాడొకడు వచ్చి కాళ్ళమీద పడి బావురుమన్నాడు. "ప్రభూ! అమ్మ లేదు, అయ్య లేడు. నాకు పేరు పెట్టే దిక్కు కూడా లేదు!" అని వెక్కివెక్కి ఏడ్చాడు. విశదుడు అల్లంత దూరం నుంచి చేతులూపుతూనే ఉన్నాడు. రాజు వంగి, తన పట్టు ఉత్తరీయంతో వాడి కళ్ళు తుడిచి, "ఊరుకో నాయనా, ఊరుకో. నువ్వూ నా బిడ్డవే" అన్నాడు.

విశదుడు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. భటులు ఇంకో గిన్నె తెచ్చారు.

ఈ ఏడ్చినవాడు ఎవరో రాజుకు తెలియకపోయినా మనకు తెలియాలి. వాడు నీలకూట గుహల్లో ఉండే ధూమ్రజటుడనే మాంత్రికుడు. ఏ వేషమైనా వేయగలడు, ఏ జంతువైనా కాగలడు. పాములాగా వచ్చి చూశాడు, సన్యాసిలాగా వచ్చి చూశాడు, కలధౌత సింహాసనం దక్కలేదు. ఎన్నేళ్ళ మంత్రాలకూ లొంగని రాజ్యం ఒక్క ఏడుపుకు లొంగేటట్టుందని వాడు లోలోపల మురిసిపోతున్నాడు.

మధ్యాహ్నం శంఖం మోగింది. రాజు పలకమీద వెల్లకిలా పడుకున్నాడు. కళ్ళు మూతపడ్డాయి. 'అనాథ' పుత్రుడు అందరికన్నా ముందు పరుగెత్తుకెళ్ళి, పుప్పొడి రాలే మొగలిరేకులు పెద్ద మోపెడు తెచ్చి, "నా తండ్రికి నా పూలు!" అంటూ సరిగ్గా రాజు ముక్కు దగ్గర పేర్చాడు. ప్రేమ అంటే అలా ఉండాలని సభలో ఒకరిద్దరు కళ్ళొత్తుకున్నారు.

విశదుడు గొంతు సవరించుకున్నాడు. పలక శాసనంలో ఇంకో మెలిక ఉంది. ఆస్తి అంటే మేడలూ మాన్యాలూ ఒక్కటే కాదు, మనిషి వెంట ఉన్నదంతా ఆస్తే. రోగాలూ, అలవాట్లూ కూడా ఎవరో ఒకరికి చెందాలి. తీర్పరి నోట మాట వచ్చీ రాగానే అవి వెళ్ళవలసిన ఒంట్లోకి వెళ్ళిపోతాయి.

"పెద్దకుమారులు రణతుంగులవారికి గజశాలలోని ఏనుగులన్నీ, మావటివాళ్ళతో సహా! వాటితోపాటు మహారాజావారి మోకాళ్ళ నొప్పి, రెండు కాళ్ళదీ సహా!"

ఏనుగులంటే ప్రాణం పెట్టే రణతుంగుడు రెండో మాట వినిపించుకోకుండానే గిన్నె ధభాలున బోర్లించాడు. మరుక్షణం "అమ్మో!" అంటూ మోకాళ్ళు పట్టుకుని కూలబడ్డాడు. పలకమీద రాజుగారి బొటనవేలు హుషారుగా ఆడింది.

"రెండవ కుమారులు భోగతుంగులవారికి నదీతీరపు ఉద్యానవనాలూ, విహారనౌకలూ, వంటవాళ్ళతో సహా! వాటితోపాటు మహారాజావారి మధ్యాహ్నపు నిద్ర, గురకతో సహా!"

"వంటవాళ్ళు కూడానా?" అని భోగతుంగుడు సంబరపడి గిన్నె బోర్లించి, అలాగే పక్కకు ఒరిగిపోయాడు. సభామండపం స్తంభాలు అదిరేటట్టు గురక లేచింది. అతని భార్య చెవులు మూసుకుని, "ఇది ఎన్నాళ్ళయ్యా?" అని తీర్పరిని నిలదీసింది.

"యావజ్జీవం తల్లీ" అని చెప్పి విశదుడు చివరి మాటకు వచ్చాడు. "రాకుమారి హేలావతికి కలధౌత సింహాసనం, రాగి మేకులతో సహా! దానితోపాటు రాజ్యం గురించిన దిగులు, యావత్తూ!"

రణతుంగుడు పులిలా గర్జించాడు. "ఏమిట్రా నువ్వు చెప్పేది? సింహాసనం చెల్లాయికా? నాకు ఏనుగులొద్దు!" అంటూ బోర్లించిన గిన్నెను వెల్లకిలా తిప్పబోయాడు. గిన్నె నేలకు అతుక్కుపోయి ఊడలేదు. లేచి కత్తి దూద్దామంటే మోకాళ్ళు లేవనివ్వలేదు. కూర్చున్న చోటి నుంచే కాసేపు అరిచి ఊరుకున్నాడు.

పని సగం గట్టెక్కిందని విశదుడు ఊపిరి పీల్చుకున్నాడు. కాని హేలావతి గిన్నె ముట్టుకోలేదు. కత్తిసాములో గురువునే మట్టికరిపించిన పిల్ల, ఆ చిన్న గిన్నె ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొత్తగా వచ్చి పడిన దిగులుతో ముఖం చిన్నబోయింది.

"రాకుమారీ! బోర్లించండి. పొద్దు వాలుతోంది" అన్నాడు విశదుడు.

"నేను బోర్లించను."

"వాటా నచ్చలేదా?"

"వాటా కాదయ్యా! ఇది బోర్లిస్తే ఏమని అర్థం? నాన్నగారి దగ్గర నుంచి నాకు ఇక ఏమీ అక్కర్లేదని. అది ఎంత అబద్ధం! నిన్న చదరంగంలో నా మంత్రిని చంపేసి, రేపు మళ్ళీ ఆడదాంలే అన్నారు. నాకు ఆ ఆట కావాలి. కోపం వస్తే 'ఓసి హేలా!' అని మేడ దద్దరిల్లేలా పిలుస్తారే, ఆ పిలుపు కావాలి. నాకింకా బోలెడు కావాలి. అక్కర్లేదని ఎలా చెప్పను?"

"గిన్నె బోర్లిస్తేనే కదా రాకుమారీ, అవన్నీ దక్కేది! మనసులో ఏముందో పలక అడగదు. చేత్తో బోర్లిస్తే చాలు."

"నాకూ తెలుసు. కాని చెయ్యి రావడం లేదు" అంటూ ఆమె చిన్నపిల్లలా ఏడ్చేసింది. పలకమీద బొటనవేలు మెల్లగా ఆమె వైపు వంగింది. ఆ వేలు చూసి ఆమె ఇంకా ఏడ్చింది.

ఇక్కడ ఇలా ఉండగా, నాలుగో గిన్నె ముందు అనాథ పుత్రుడు బాసింపట్టు వేసుకుని తాపీగా కూర్చున్నాడు. విశదుడు వాడి దగ్గరికి పరుగెత్తాడు. గంధపు అడవి ఇస్తానన్నాడు. "అడవిలో నాకు భయం" అన్నాడు వాడు. వసంతమండపం ఇస్తానన్నాడు. "ఒంటరివాడికి మండపం ఎందుకండీ?" అన్నాడు. వజ్రాల గని ఇస్తానన్నాడు. "తండ్రి ప్రేమ లేని చోట వజ్రాలేం చేసుకోను?" అంటూ కళ్ళు తుడుచుకుని, తీర్పరికి ఒక్కడికే వినబడేలా, "ఒరే అబ్బాయ్! ఎందుకొచ్చిన ప్రయాస? పొద్దు గుంకనీ" అని పళ్ళికిలించాడు. ఆ పళ్ళు కుర్రవాడి పళ్ళు కావు. తాంబూలం నమిలి నమిలి నల్లబడిన ముసలి పళ్ళు.

విశదుడికి సంగతి అర్థమైంది. వీడు ఏ వాటాకూ తృప్తిపడడు. వీడి గిన్నెను ఇంకొకరు తోసినా రాజు ప్రాణం పోతుంది. ఏమీ తోచక రాజు వైపు చూశాడు. మహారాజు ముక్కు దొండపండులా ఎర్రబడి ఉంది. ముక్కుపుటాలు ఉబ్బుతున్నాయి, ముడుచుకుంటున్నాయి. బొటనవేలు గిలగిల్లాడుతోంది. మొగలి పుప్పొడి తన పని తాను చేసింది. ముక్కులో తుమ్ము నిండుగా తయారై, పలక బయటికి రానివ్వక, మధ్యాహ్నం నుంచి లోపలే పెరుగుతోంది.

'అది ఇంకా ఎవరికీ పంచలేదు కదా!' అనుకున్నాడు విశదుడు. ఒక్క గంతులో సభ మధ్యకు వచ్చి గొంతెత్తాడు.

"అందరూ వినండి! మహారాజావారి నాసికలో ప్రస్తుతం సిద్ధంగా ఉన్న తుమ్ము, దాని వెనక రాబోయే తుమ్ముతో సహా, ఈ అనాథ పుత్రుడికే చెందుతుంది!"

మాంత్రికుడు, "ఏయ్, నాకొద్దు, నా..." అంటూనే నోరు తెరిచాడు. మూసుకోలేకపోయాడు. కళ్ళు తేలేశాడు. సభలో వాళ్ళందరూ తెలియకుండానే వెనక్కి జరిగారు. అప్పుడు వచ్చింది తుమ్ము. మండపం తెరలు ఎగిరి దూలాలకు చుట్టుకున్నాయి. చింపిరి జుట్టు ఊడి రణతుంగుడి ఒళ్ళో పడింది. కుర్రవాడి ముఖం ఊడి ఎటో పోయింది. పొగరంగు జడలతో ధూమ్రజటుడు ముందుకు తూలి, రెండు చేతులతో తన గిన్నెను తానే బోర్లా కొట్టాడు. గిన్నె నేలకు అతుక్కుపోయింది.

"తృప్తిపడ్డారు! పంపకం చెల్లింది!" అని విశదుడు చప్పట్లు కొట్టాడు.

"తృప్తా? చూడరా నా తృప్తి!" అంటూ మాంత్రికుడు ఒళ్ళు విదిల్చి పెద్ద రాబందైపోయాడు. ఒక్క ఊపున హేలావతి ముందున్న గిన్నెను రెండు కాళ్ళతో నిలువుగా పట్టుకుని, కిటికీలోంచి బయటికి ఎగిరాడు. నీళ్ళున్న గిన్నె ఇప్పుడు అదొక్కటే. పొద్దు గుంకేదాకా అది వాడి కాళ్ళలో ఉంటే చాలు, సింహాసనం వాడిది. రాజు ఇక లేవడు.

హేలావతి ఏడుపు ఆ క్షణంలోనే ఆగిపోయింది. "అన్నయ్యా, లే!" అని అరిచింది. రణతుంగుడు లేవబోయి మోకాళ్ళు పట్టుకుని కూలబడ్డాడు. భోగతుంగుడు గురకపెట్టాడు. ఆమె విశదుడి వైపు గిర్రున తిరిగి, "ఎంత పకడ్బందీగా పంచావయ్యా! పద, నువ్వే రా!" అంటూ అతని చెయ్యి పట్టి లాక్కుపోయింది.

గుర్రం మీద అప్పటిదాకా ఎక్కి ఎరగని విశదుడు ఆమె వెనక కూర్చుని, కళ్ళు మూసుకుని, తెలిసిన శ్లోకాలన్నీ చదివాడు. తెల్లగుర్రం మెట్ల మీదుగా దూకుతూ కోటగోడ పైకెక్కి, బురుజుల వెంట గాలిలా పరుగెత్తింది. రాబందు మాత్రం గాలిలా పోలేకపోయింది. నీళ్ళు ఒలికిపోతే వాడికీ ఏమీ దక్కదు. తలమీద నిండుకుండ మోస్తున్న కొత్తకోడలిలా ఒళ్ళంతా బిగబట్టి, మెల్లమెల్లగా రెక్కలు ఆడిస్తున్నాడు.

"దొరికాడు! ఇంకాస్త దూరం!" అన్నాడు విశదుడు ఒక కన్ను తెరిచి.

"ఏం దొరకడం! నాన్నగారికి తుమ్ము ఒకటితో పోదు. కాసేపాగి రెండోది వస్తుంది. అది మొదటిదానికన్నా పెద్దది. వాడు ఆకాశంలో తుమ్మాడంటే నీళ్ళన్నీ ఒలికిపోతాయి. నా చేత్తో బోర్లించడానికి ఏం మిగులుతుంది? రెండోది కూడా వాడికెందుకిచ్చావు?"

"పంపకం సమగ్రంగా ఉండాలి కదా రాకుమారీ!" అన్నాడు విశదుడు నీరసంగా. ఆ మాట అన్నందుకు తనను తానే తిట్టుకున్నాడు.

సూర్యుడు పడమటి కొండ అంచుకు తాకాడు. సభామండపంలో పలకమీది ఎండ రాజు గుండెల మీది నుంచి మోకాళ్ళకూ, మోకాళ్ళ నుంచి పాదాలకూ జారింది. అంతసేపూ ఆడుతున్న బొటనవేలు మెల్లగా నిలిచిపోయింది.

కోటగోడ చివరి బురుజు దగ్గర అయిపోయింది. కింద కందకంలో మొసళ్ళు నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తున్నాయి. రాబందు బురుజు దాటి నది మీదికి మళ్ళబోతోంది. హేలావతి జీనుమీద లేచి నిలబడింది. "గుర్రాన్ని ఆపు!" అంది. "ఎలా ఆపాలి?" అని విశదుడు అడిగేలోగా ఆమె గాలిలోకి ఎగిరి దూకి, రాబందు కాలు ఒంటిచేత్తో ఒడిసిపట్టుకుంది. ఆ బరువుకు రాబందు జర్రున కిందికి దిగి, "వదులు! ఒలికిపోతుంది! నీ తండ్రి ప్రాణం ఒలికిపోతుంది, వదులు!" అని మనిషి గొంతుతో కేకపెట్టింది.

గుర్రం తనంతట తానే ఆగింది. విశదుడు దాని మెడ మీదుగా బురుజుమీద పడి, లేచి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు. "రాకుమారీ! అబద్ధమైనా సరే, బోర్లించండి!"

"అబద్ధమేనయ్యా!" అని ఆమె పైనుంచి అరిచింది. కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. "నాన్నగారూ, ఇది పచ్చి అబద్ధం! నాకు రేపటి ఆట కావాలి!"

మధ్యాహ్నమంతా ముట్టనని మొండికేసిన గిన్నె కోసం ఆమె ఇప్పుడు రెండో చెయ్యి పైకి చాచింది. వేళ్ళు అంచుకు తగిలాయి. సరిగ్గా అప్పుడే రాబందు రెక్కలు ఆగిపోయాయి. దాని నోరు తెరుచుకుంది, కళ్ళు తేలిపోయాయి, రొమ్ము నిండుగా ఉబ్బింది.